‘చేసిన’కీ ‘చేసినట్టు’కీ మధ్య

తెలుగు పత్రికల్లో తరచూ కనిపించే శీర్షిక ఒకటుంది: ‘హత్య చేసిన నిందితుడి అరెస్టు’. పేరూ ఊరూ మారుతుంటాయి, అచ్చు మాత్రం ఇదే. ‘చేసిన’ అన్నామంటే పని జరిగింది, చేసింది ఇతనే, ఇంక తేలాల్సింది ఏమీ లేదు. ‘నిందితుడు’ అన్నామంటే నింద పడింది, తేలాల్సింది ఇంకా ఉంది. రెండో మాట తీర్పు చెప్పేస్తే, మూడో మాట విచారణ ఇంకా ముగియలేదంటోంది. శీర్షిక పెట్టిన సబ్‌ఎడిటర్‌కు ఈ తేడా తెలియదని కాదు. ‘చేసినట్టు ఆరోపణ ఎదుర్కొంటున్న’ అని రాస్తే కాలమ్‌లో పట్టదు.

రుజువు కాని మాటను, రుజువు కాలేదని వినేవాడికి తెలిసేలా చెప్పడం ఎలా? దీనికి నిఘంటువు, వ్యాకరణం, పత్రిక, న్యాయస్థానం తలా ఒక జవాబు చెబుతున్నాయి. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తేటగా కనిపిస్తుంది. తెలుగుకు మాటల కరువు లేదు. సందేహాన్ని మోసే భాగం మన వాక్యంలో చివర ఉంటుంది, తొందరలో మనం తెగ్గొట్టేది ఆ చివరినే.

నింద, అపవాదు, పుకారు, ఆరోపణ

‘ఆరోపణ’ సంస్కృతం నుంచి వచ్చింది. ఆరోహణ అంటే ఎక్కడం, ఆరోపణ అంటే ఎక్కించడం, ఒకదాని మీద మరొకదాన్ని పెట్టడం. అలంకారశాస్త్రంలో ముఖం మీద చంద్రుణ్ణి ఆరోపిస్తే రూపకం అవుతుంది. వేదాంతులు తాడు మీద పామును ఆరోపించడాన్ని అధ్యారోపం అంటారు, ఆ భ్రమను తొలగించడాన్ని అపవాదం అంటారు. వాళ్ల లెక్కలో అపవాదం నిజం వైపు అడుగు. మన ఇళ్లలో ‘అపవాదు’ అంటే లేనిపోని మచ్చ. ఒకే మాట రెండు చోట్ల రెండు వైపులకు తిరిగింది.

ఈ కుటుంబంలోని మాటలన్నిటినీ రెండు ప్రశ్నలతో విడదీయవచ్చు. మొదటిది, ఈ మాటకు సొంతదారు ఉన్నాడా? పుకారు, వదంతి, గాలివార్తలకు లేడు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, అడిగితే అందరూ పక్కవాణ్ణి చూపిస్తారు. రెండోది, అబద్ధమని ఈ మాట ముందే తేల్చేసిందా? అపవాదు, అభాండం, నీలాపనింద తేల్చేశాయి. ‘అతని మీద అభాండం వేశారు’ అన్నవాడు అతని పక్షాన మాట్లాడుతున్నట్టే. ‘బండారం బయటపడింది’ అన్నవాడు ఎదుటి పక్షం. ఆరోపణ ఒక్కటే రెంటికీ మధ్య నిలబడగలిగింది. దానికి సొంతదారు ఉంటాడు, నిజమో అబద్ధమో అది చెప్పదు. అందుకే పత్రికలకూ కోర్టులకూ అది అంతగా పనికొచ్చింది. సొంతదారు పేరు తీసేసి ‘ఆరోపణలు వినిపిస్తున్నాయి’ అని రాసిన క్షణం అది పుకారు వరుసలోకి జారిపోతుంది.

కోర్టు మాటల్లో ఇంకో వింత ‘ముద్దాయి’. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులో ముద్దాయి అంటే బోనులో నిలబడ్డవాడు. వాదించేవాడి పేరు వాదన ఎదుర్కొనేవాడికి అంటుకుంది. ‘దావా’ కూడా ఉత్తరాదిన ఒక మనిషి గట్టిగా చెప్పుకునే మాట, మన దగ్గర సివిల్ కేసు.

‘అట’ మోసే బరువు

నిఘంటువు కంటే వ్యాకరణం ఈ విషయంలో సూక్ష్మంగా ఉంది. కోస్తాలో ‘అట’, తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఎక్కువగా ‘అంట’: ఈ ఒక్క ప్రత్యయం ‘ఇది నేను చూడలేదు, విన్నాను’ అని చెప్పేస్తుంది. ‘పక్కింటాయన ఉద్యోగం మానేశాడు’ అంటే నాకు తెలుసు. ‘మానేశాడట’ అంటే ఎవరో చెప్పారు, తప్పయితే నా పూచీ లేదు. ‘మానేశాడు కాబోలు’ అంటే ఎవరూ చెప్పలేదు, రోజూ ఇంట్లో కనిపిస్తున్నాడు కాబట్టి నేనే ఊహించుకున్నాను. చూసింది, విన్నది, ఊహించింది అనే మూడు మెట్లను పిల్లలు బడికి వెళ్లకముందే నేర్చేసుకుంటారు.

‘అట’ను ఉత్తమ పురుషలో వాడి చూస్తే దాని పదును ఇంకా బాగా తెలుస్తుంది. ‘నేను నిద్రలో అరిచానట’ అంటే చేసింది నేనే అయినా నాకు ఎరుక లేదు, సాక్షి మరొకరు. ‘నేను దొంగనట!’ అంటే మాత్రం అది వినికిడి చెప్పడం కాదు, నింద మోపినవాడి మీద తిరగబడటం. ‘పెద్ద నిజాయతీపరుడట!’ అన్నప్పుడు వెక్కిరింత. అంటే ‘అట’కు రెండు ముఖాలున్నాయి. ఒకటి బాధ్యత తీసుకోదు, ఇంకొకటి నమ్మనని మొహం మీదే చెబుతుంది. గొంతు వినిపిస్తే ఏ ముఖమో తెలుస్తుంది. అచ్చులో గొంతు ఉండదు. గంభీరమైన వార్తలో ‘మంత్రి లంచం తీసుకున్నాడట’ అని రాస్తే అది అరుగు మీది కబురులాగో ఎకసెక్కంలాగో ధ్వనిస్తుంది. అందుకే పత్రికలు ‘అట’ను సినిమా పేజీకి వదిలేసి, మొదటి పేజీకి వేరే సరంజామా తయారుచేసుకున్నాయి.

‘తెలిసింది’, ‘సమాచారం’, ‘భోగట్టా’

ఆ సరంజామా ఇది: అని సమాచారం, అని తెలిసింది, అని ప్రచారం జరుగుతోంది, విశ్వసనీయ వర్గాల భోగట్టా. ఇవన్నీ ‘అట’ చేసే పనే చేస్తున్నట్టు కనిపిస్తాయి. నిజానికి ఒక మెట్టు పైకెక్కిస్తాయి. ‘అట’ అన్నవాడు తనకు తెలియదని ఒప్పుకుంటున్నాడు. ‘తెలిసింది’ అన్నవాడు తెలుసంటున్నాడు. తెలుగులో అబద్ధం ‘తెలియదు’. తెలిసిందంటే అది నిజమనే అర్థం. ఎవరి ద్వారా తెలిసిందో మాత్రం వాక్యంలో ఉండదు. వినికిడికి జ్ఞానం హోదా ఇచ్చి, చెప్పినవాణ్ణి దాచిపెట్టే వాక్యం ఇది.

చెప్పడాన్ని సూచించే క్రియలు కూడా అమాయకమైనవి కావు. అన్నారు, చెప్పారు, తెలిపారు అనేవి ఎటూ మొగ్గవు. ‘వెల్లడించారు’ అంటే దాగిన నిజాన్ని బయటపెట్టారని. ‘స్పష్టం చేశారు’ అంటే ఇంక అనుమానం అక్కర్లేదని. ‘ఎండగట్టారు’ అంటే ఎదుటివాడి తప్పు ముందే ఖాయమైందని. ‘బుకాయించారు’ అంటే వివరణ ఇచ్చినవాడు అబద్ధాలకోరని. ఒకే విలేకరుల సమావేశంలో ఒక నాయకుడి ఆరోపణకు ‘వెల్లడించారు’, అవతలి నాయకుడి జవాబుకు ‘బుకాయించారు’ అని పెడితే సంపాదకీయం వేరే రాయనక్కర్లేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన క్రియ ‘అంగీకరించాడు’. ‘పోలీసుల విచారణలో నేరం అంగీకరించాడు’ అన్న వాక్యం చదివాక పాఠకుడికి ఇంక కోర్టుతో పని లేదనిపిస్తుంది. చట్టం దృష్టిలో ఆ అంగీకారానికి విలువ దాదాపు లేదు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడిపై రుజువుగా వాడకూడదని 1872 నాటి సాక్ష్యాధార చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమూ ఆ నియమాన్ని నిలుపుకుంది. కోర్టు వినని మాట మనకు శీర్షిక అవుతోంది.

ఇక మన జిల్లాల్లో అందరికీ అలవాటైన దృశ్యం పోలీసుల ప్రెస్‌మీట్. బల్ల మీద నగలు, సెల్‌ఫోన్లు, నోట్ల కట్టలు పేర్చి ఉంటాయి. వెనక వరుసలో ముసుగులు తొడిగిన మనుషులు తలొంచుకుని నిలబడతారు. ముందు కుర్చీల్లో అధికారులు. ముసుగు గుర్తింపును దాచేందుకే ఉంది. ఫోటో మాత్రం నేరం తేలిపోయిందని చెబుతుంది. ఆ చిత్రం కింద ‘నిందితులు’ అని ఎంత జాగ్రత్తగా రాసినా చూసే కన్ను ‘దొంగలు’ అనే చదువుతుంది. పోలీసులు మీడియాకు వివరాలు ఎలా చెప్పాలో సమగ్రమైన మార్గదర్శకాలు రూపొందించమని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖను ఆదేశించింది. ఇలాంటి సమావేశాలు మీడియా విచారణకు దారితీస్తాయన్నదే అప్పుడు వ్యక్తమైన ఆందోళన.

చట్టం కట్టిన మెట్లు

వినాయక చవితి నాడు ప్రతి ఇంటా చదివే శమంతకోపాఖ్యానంలో కృష్ణుడి మీద పడింది నీలాపనింద. ప్రసేనుణ్ణి చంపి మణిని కాజేశాడని సత్రాజిత్తు అన్నాడు, ఊరు నమ్మింది. అప్పుడు కృష్ణుడే అడవికి వెళ్లి, ప్రసేనుడి శవాన్ని, సింహం అడుగుల జాడను, ఆపైన భల్లూకం అడుగుల జాడను పట్టుకుని జాంబవంతుడి గుహ దాకా నడిచాడు. దేవుడంతటివాడికీ నిర్దోషినని నిరూపించుకునే బాధ్యత తనమీదే పడింది. ఆధునిక నేరన్యాయం ఆ బరువును ఆరోపించినవాడి భుజాన పెట్టింది. నేరం రుజువయ్యేదాకా నిర్దోషి అన్న సూత్రం 1948 సార్వజనీన మానవ హక్కుల ప్రకటన 11వ అధికరణంలో ఉంది. మన కోర్టులూ దాని మీదే నడుస్తున్నాయి.

ఆ ప్రయాణంలో ఒక్కో మెట్టుకు ఒక్కో పేరుంది. ఎవరైనా చెప్పింది ఫిర్యాదు. పోలీసులు నమోదు చేసింది ఎఫ్ఐఆర్. దర్యాప్తు ముగించి కోర్టుకు ఇచ్చింది ఛార్జిషీటు. దాన్ని చూసి విచారణ జరపాల్సిందేనని కోర్టు నిర్ణయించినప్పుడు నమోదయ్యేవి అభియోగాలు. సాక్ష్యాలన్నీ విన్నాక వచ్చేది తీర్పు. ‘నిందితుడు’ అన్న మాట ఎఫ్ఐఆర్ నుంచి తీర్పు దాకా సాగుతుంది, ‘దోషి’ తీర్పుతో మొదలవుతుంది. వారెంటు లేకుండా అరెస్టు చేయగల (కాగ్నిజబుల్) నేరం జరిగిందని సమాచారం అందితే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని 2013లో లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఎఫ్ఐఆర్‌లో పేరుండటం పోలీసులు ఆ మాటను నమ్మారనడానికి సూచన కూడా కాదు. మన రాజకీయ వేదికల మీద మాత్రం ‘ఏ1’, ‘ఏ2’ అన్నవి బిరుదుల్లా తిరుగుతున్నాయి. కేసు కాగితంలో వరుస సంఖ్యను తిట్టుగా మార్చిన ఘనత మనది.

‘నిందితుడు’ అన్న మాట రెండోవైపు కూడా చెదిరింది. తీర్పు వచ్చి శిక్ష పడ్డాక కూడా ‘నిందితుడికి జీవిత ఖైదు’ అనే రాస్తుంటారు. అప్పటికి అతను దోషి. అరెస్టు రోజున దోషిలా, శిక్ష రోజున నిందితుడిలా రాస్తే మధ్యలో జరిగిన న్యాయ ప్రక్రియకు అర్థమే లేకుండా పోతుంది.

‘ఆరోపణ’ అని రాస్తే పరువునష్టం కేసు రాదన్న ధీమా కూడా చాలామందిలో ఉంది. చట్టంలో అలాంటి కవచం లేదు. పాత శిక్షాస్మృతిలోని 499వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్, పరువు తీసే మాటను పుట్టించినవాణ్ణే కాక ప్రచురించినవాణ్ణి కూడా పట్టుకుంటాయి. ప్రజాహితం కోసం చెప్పిన నిజానికి, కోర్టు కార్యకలాపాల యథార్థమైన కథనానికి మినహాయింపులున్నాయి. ‘ఫలానావాళ్లు అన్నారు’ అన్నంత మాత్రాన మినహాయింపు లేదు. లోక్‌సభలో సైతం ఒక వ్యక్తి మీద ఆరోపణ చేయాలంటే స్పీకర్‌కూ సంబంధిత మంత్రికీ ముందుగా తెలియజేయాలని 353వ నియమం అంటోంది.

గులాబీ రంగు నీళ్లు

ఏసీబీ వల మనకు బాగా పరిచితమైన వార్త. ఫిర్యాదుదారు తెచ్చిన నోట్లకు ఫినాప్తలీన్ పొడి పూస్తారు. అధికారి వాటిని అందుకున్నాక చేతుల్ని సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచుతారు. పొడి అంటిన చేతికి నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. సీసాలో పోసి సీలు వేస్తారు. మర్నాడు ‘లంచం తీసుకుంటూ ఏసీబీకి చిక్కిన అధికారి’ అని వార్త. కళ్లెదుట రంగు మారాక ఇంకేం రుజువు కావాలనిపిస్తుంది.

ఆ రంగు చెప్పేది ఒక్కటే: ఆ చేయి ఆ నోట్లను తాకింది. అడిగి తీసుకున్నాడా, జేబులో ఎవరైనా కుక్కారా, పాత బాకీ అనుకున్నాడా అన్నది నీళ్లకు తెలియదు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో 2014లో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. చౌకధరల దుకాణం డీలరు ఫిర్యాదు మీద ఒక మండల రెవెన్యూ అధికారి పట్టుబడ్డాడు. విచారణలో డీలరే ఎదురు తిరిగాడు. లంచం అడిగినట్టు రుజువు కానప్పుడు నోట్లు దొరకడం ఒక్కటే నేరాన్ని నిలబెట్టదని చెప్పి, కోర్టు అతణ్ణి నిర్దోషిగా వదిలింది. 2022 డిసెంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా అడగడం, తీసుకోవడం రెండూ రుజువు కావాలంది. ఫిర్యాదుదారు చనిపోయినా, ఎదురు తిరిగినా ఇతర ఆధారాలతో వాటిని నిరూపించవచ్చని కూడా చేర్చింది. కంటికి కనబడ్డదానికీ కోర్టులో నిలబడేదానికీ ఇంత దూరం ఉంటే, చెవిన పడ్డ మాట ఎంత దూరంలో ఉందో ఊహించుకోవచ్చు.

‘దోషి’ అన్న మాటకు కూడా గడువు ఉంటుంది. విజయవాడ సమీపంలో 2007 డిసెంబరులో ఒక ఫార్మసీ విద్యార్థిని హాస్టల్‌లో హత్యకు గురైంది. మరుసటి ఏడాది ఒక యువకుణ్ణి పట్టుకున్నారు, 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చిలో హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా తేల్చింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచాయి. అరెస్టు నాటి నుంచి అతణ్ణి హంతకుడన్న నోళ్లకు ఆ తీర్పు ఎంతవరకు చేరిందో అనుమానమే.

తీర్పు దాకా వెళ్లని కథ చటాన్‌పల్లిది. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో ఒక పశువైద్యురాలిపై జరిగిన అఘాయిత్యం దేశాన్ని కుదిపింది. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులు పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. అదే చోట జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని కమిషన్ అభిప్రాయపడింది. కమిషన్ అభిప్రాయం కూడా కోర్టు తీర్పు కాదు. ఆ పోలీసుల విషయంలో కూడా ‘చంపారని కమిషన్ పేర్కొంది’ అనే రాయాలి. ఇష్టం లేనివాళ్లకు కూడా అదే ‘అని’ దక్కినప్పుడే దాన్ని నియమం అనగలం.

సందేహం ఎక్కువైతే

ఇంతవరకూ చదివి, ‘ఆరోపణ’ అన్నదాన్ని ప్రతి వాక్యంలో ఇరికిస్తే సరిపోతుందనుకుంటే ఇంకో గోతిలో పడతాం. బంగారం పోయిందని ఒకాయన స్టేషన్‌కు వెళితే ‘ఫిర్యాదు చేశారు’ అని రాస్తాం. ఆఫీసులో వేధిస్తున్నారని ఒక మహిళ అదే స్టేషన్‌కు వెళితే ‘ఆరోపించింది’ అని రాసేందుకు చేయి ముందుకు వెళుతుంది. రెండు మాటలూ రుజువు కానివే. ఒకరి మాట మీద మాత్రం అపనమ్మకం నీడ పడింది. సందేహం జరిగిందంటున్న పని మీద ఉండాలి, చెప్పిన మనిషి మీద కాదు.

రుజువయ్యేదాకా నోరెత్తకూడదంటే బలహీనులకు మాట్లాడే దారే ఉండదు. కేంద్ర మాజీ మంత్రి ఎం.జె. అక్బర్ వేసిన పరువునష్టం కేసులో జర్నలిస్టు ప్రియా రమణిని 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ కోర్టు నిర్దోషిగా ప్రకటిస్తూ, దశాబ్దాలు గడిచాక అయినా, తనకు నచ్చిన వేదిక మీద అయినా, స్త్రీ తన గోడు చెప్పుకోవచ్చంది. ఎన్నికల చట్టం కూడా ఈ తూకం పాటిస్తోంది. రెండేళ్లో అంతకంటే ఎక్కువో శిక్ష పడగల కేసులో కోర్టు అభియోగాలు నమోదు చేసి ఉంటే అభ్యర్థి ఆ సంగతి అఫిడవిట్‌లో చెప్పి తీరాలి. అయినా అతను పోటీకి అనర్హుడు కాడు. అనర్హత శిక్ష పడ్డాకే. ఓటరుకు ఆరోపణ తెలిసే హక్కు ఉంది, దాన్ని నేరంగా లెక్కించే అధికారం చట్టానికి ఇంకా రాలేదు.

రుజువు కాని మాటలన్నీ నిందలే కానక్కర్లేదు. 2021 మే నెలలో కోవిడ్ మందు కోసం నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి వేల మంది బారులు తీరారు. అక్కడ ఎవరూ ఎవరి మీదా ఏమీ ఆరోపించలేదు. ‘పనిచేస్తుందట’ అన్న మాట రోజుల్లోనే ‘పనిచేస్తోంది’ అయింది. మేలు గురించి చెప్పే రుజువు కాని మాటకు ఆరోపణ లాంటి తటస్థమైన పేరు మనకు స్థిరపడలేదు. ‘ప్రచారం’ అంటే తక్కువ చేసినట్టు, ‘ఘనత’ అంటే ఒప్పుకున్నట్టు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్న సామెత పుట్టింది ఇలాంటి చోటే. విన్నవాడు ఎద్దు ఈనుతుందా అని ఆగి అడగడు, పలుపు తాడు వెతుక్కుంటాడు.

కొత్త మాట అక్కర్లేదు

ఈ చిక్కు తీర్చడానికి హిందీ ‘కథిత్’ లాగా నామవాచకం ముందు అతికించే విశేషణం ఒకటి కావాలని కొందరంటారు. ‘ఆరోపిత’ను అలా వాడిన సందర్భాలూ ఉన్నాయి. దానితో పెద్దగా ఒరిగేదేమీ లేదు. ‘ఆరోపిత హంతకుడు’ అన్నప్పుడు చెవిలో నిలిచేది హంతకుడే. విశేషణం నిందను మనిషికి పేరుగా అంటగడుతుంది. ‘చేసినట్టు ఫలానావారి ఫిర్యాదు’ అన్నప్పుడు నింద క్రియలోనే ఉంటుంది, దాన్ని మోపినవాడూ కనిపిస్తాడు.

కాబట్టి చేయాల్సింది కొత్తది కాదు. ‘చేసిన’ అన్నచోట ‘చేసినట్టు’ అని రాయాలి. ‘తెలిసింది’ అన్నచోట ఎవరు చెప్పారో రాయాలి, చెప్పలేకపోతే ఎందుకు చెప్పలేకపోతున్నామో రాయాలి. కేసు ఏ మెట్టు మీద ఉందో ఆ మెట్టు పేరే వాడాలి. అవతలివాడి జవాబుకు కూడా ‘అన్నారు’ అనే క్రియే ఇవ్వాలి. కేసు కొట్టేస్తే ఆ సంగతిని, మొదట రాసిన పత్రికే, మొదట రాసినంత పెద్దగా రాయాలి. ఈ చివరిది భాషకు సంబంధించింది కాదనిపించవచ్చు. ఆరోపణ సగంలో ఆగిన వాక్యం. దాన్ని మొదలుపెట్టినవాడే పూర్తిచేయాలి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ నొక్కే మనందరికీ ఇప్పుడు పత్రికలకున్నంత చేటు చేసే శక్తి వచ్చింది కాబట్టి ఈ బాధ్యత విలేకరుల దగ్గరే ఆగదు. శీర్షికలో ‘ట్టు’ అనే ఒక్క అక్షరానికి చోటు చాలదనే సాకు కాలమ్ కొలతలున్న పత్రికకైనా కొంత చెల్లుతుందేమో, ఎంత పొడుగు రాసినా అడ్డులేని ఫోన్ తెర మీద అసలు చెల్లదు.